చలికాలపు కరెంటు బిల్లు: కొత్తింట్లో వేణ్ణీళ్ళకు అసలు ఎంత ఖర్చవుతుంది?

కార్తీకంలో గృహప్రవేశం చేసుకున్నవాళ్ళకూ, ఆ రోజుల్లోనే అద్దె ఇల్లు మారినవాళ్ళకూ మొదటి చలికాలపు బిల్లు సంక్రాంతి చుట్టుపక్కల చేతికొస్తుంది. ఏసీ ఆపేసి రెండు నెలలయింది, ఫ్యాను ఒకటో నంబరు మీదే తిరుగుతోంది, అయినా బిల్లు అనుకున్నంత తగ్గదు. కొన్నిళ్ళలో పెరుగుతుంది కూడా. భీమవరంలోనో అమలాపురంలోనో మండపేటలోనో ఇంటిని వెచ్చబెట్టుకునే అవసరం ఎవరికీ రాదు. తెల్లవారుజామున ఇరవై డిగ్రీల దగ్గరకు దిగితే అదే మనకు పెద్ద చలి. కాబట్టి గోదావరి డెల్టాలో చలికాలపు ఖర్చంటే దాదాపుగా వేణ్ణీళ్ళ ఖర్చే. అది ఎంతన్నది తేల్చాలంటే మూడు లెక్కలు కలవాలి: ఎన్ని లీటర్లు, ఎన్ని డిగ్రీలు, ఆ యూనిట్లు ఏ శ్లాబులో పడ్డాయి. గీజరు కంపెనీ పేరు ఈ మూడింటి తర్వాతే వస్తుంది.

బిల్లులో శ్లాబు ఎలా పనిచేస్తుంది

ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ళకు 2022 టారిఫ్ ఉత్తర్వుతో వచ్చిన రేట్లివి. మొదటి 30 యూనిట్లకు యూనిట్‌కు రూ.1.90, 31 నుంచి 75 వరకు రూ.3, 76 నుంచి 125 వరకు రూ.4.50, 126 నుంచి 225 వరకు రూ.6, 226 నుంచి 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. దీన్ని టెలిస్కోపిక్ పద్ధతి అంటారు. 126వ యూనిట్ కాల్చగానే మొత్తం వాడకానికీ ఆరు రూపాయలు పడవు, ఆ ఒక్క యూనిట్‌కే పడుతుంది. ‘శ్లాబు దాటితే బిల్లు అంతా కొత్త రేటే’ అన్న మాట ఇంకా వీధి అరుగుల మీద వినిపిస్తుంది గాని, ఈ పద్ధతిలో అది నిజం కాదు.

శ్లాబు ఛార్జీకి తోడు ఇంటి మంజూరు లోడును బట్టి కిలోవాట్‌కు నెలకు పది రూపాయల ఫిక్స్‌డ్ ఛార్జీ, యూనిట్‌కు ఆరు పైసల విద్యుత్ సుంకం, కస్టమర్ ఛార్జీ, ఇంధన సర్దుబాటు ఉంటాయి. ఈ చివరిది బొగ్గు, కొనుగోలు విద్యుత్ ధరలు మారినప్పుడు డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వినియోగదారుల దగ్గర రాబట్టుకునే సొమ్ము. నెలవారీ సర్దుబాటుకు యూనిట్‌కు 40 పైసలు గరిష్ఠ పరిమితి. ఆ మేరకు పడుతుందనుకునే కింది లెక్కలు వేశాం.

ఈ పద్ధతిలో ఓ సూక్ష్మం ఉంది. వేణ్ణీళ్ళకు అయ్యే యూనిట్లు ఎప్పుడూ చివర చేరేవే. ఫ్రిజ్, లైట్లు, మోటారు చవక శ్లాబులను ముందే నింపేస్తాయి, గీజరు వాటి మీద కూర్చుంటుంది. అందుకే ఒకే గీజరు, ఒకే వాడకం ఉన్నా పక్కింటికి రెండు వందలు, మీకు నాలుగు వందలు కావచ్చు.

ఒక బకెట్ కాగడానికి ఎంత కరెంటు

ఒక లీటరు నీళ్ళను ఒక డిగ్రీ వేడెక్కించడానికి 1.163 వాట్‌అవర్లు కావాలి. ఇది ప్రకృతి నియమం, కాయిల్‌తో కాచే ఏ పరికరమూ దీన్ని తగ్గించజాలదు. తెల్లవారుజామున మేడ మీది ట్యాంకు నీళ్ళు 22 డిగ్రీలు, మనకు కావలసిన స్నానపు నీళ్ళు 40 డిగ్రీలు అనుకుందాం. తేడా 18. ఇరవై లీటర్ల బకెట్‌కు 20 × 18 × 1.163 వేస్తే దాదాపు 419 వాట్‌అవర్లు, అంటే 0.42 యూనిట్. నలుగురు మనుషులు, రోజుకొక్క బకెట్, ముప్పై రోజులు: 50 యూనిట్లు.

ఇప్పుడు దీన్ని శ్లాబులో పెట్టి చూద్దాం. వేణ్ణీళ్ళు కాకుండా ఆ ఇంటి వాడకం 110 యూనిట్లయితే శ్లాబు ఛార్జీ రూ.349.50. యాభై కలిసి 160 అయితే రూ.627. తేడా రూ.277.50, సుంకం, సర్దుబాటు కలిపితే ఇంచుమించు 300. అదే యాభై యూనిట్లు 60 యూనిట్ల చిన్న సంసారం మీద పడితే పెరిగేది 225 మాత్రమే. 230 యూనిట్లు కాల్చే పెద్దింట్లో పడితే 460.

ఇక షవర్ సంగతి. బకెట్ స్నానం ఇరవై లీటర్లతో అయిపోతే, షవర్ కింద నిలబడిన మనిషి తేలిగ్గా 45 లీటర్లు వాడతాడు. నలుగురికీ నెలకు 113 యూనిట్లు. 110 యూనిట్ల ఇల్లు 223కి చేరుతుంది, శ్లాబు ఛార్జీ రూ.349.50 నుంచి రూ.1,005కు ఎగబాకుతుంది. పాత ఇంట్లో బకెట్, కొత్త ఇంట్లో షవర్ అయితే బిల్లు పెరగడానికి ఇంకో కారణం వెతకనక్కర్లేదు. జనం మాత్రం ముందు మీటరునే అనుమానిస్తారు.

మీటరు మీద నిజంగా అనుమానం ఉంటే దాన్ని పరీక్షించడం ఐదు నిమిషాల పని. డిజిటల్ మీటరు మీద యూనిట్‌కు ఎన్ని మెరుపులో రాసి ఉంటుంది, చాలావాటి మీద 3200. ఇంట్లో అన్నీ ఆపేస్తే చిన్న ఎర్రలైటు మెరవకూడదు. మెరిస్తే ఎక్కడో లీకేజీ ఉంది, లేదా పక్క పోర్షన్ లైను మీ మీటరుకు కలిసి ఉంది. కొత్తగా చేరిన పాత ఇళ్ళలో ఈ రెండోది అరుదేమీ కాదు. తర్వాత రెండు కిలోవాట్ల గీజరు ఒక్కటే వేస్తే నిమిషానికి నూట ఏడు మెరుపులు రావాలి. వోల్టేజీని బట్టి పదీ ఇరవై అటూ ఇటూ ఉన్నా ఫర్వాలేదు, రెట్టింపు ఉంటే మాత్రం డిస్కంకు ఫిర్యాదు చేయాల్సిందే.

నీళ్ళు ఎక్కడివన్నది కూడా లెక్కే

నేలలో కొంత లోతుకు వెళితే నీటి వేడి ఏడాది సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా, కాలంతో పెద్దగా మారకుండా ఉంటుంది. మన దగ్గర అది 27, 28 డిగ్రీలు. తెల్లారి బోరు నీళ్ళు గోరువెచ్చగా తగలడానికి కారణం అదే. ఆ నీళ్ళనే ముందురోజు సాయంత్రం మేడ మీదికి ఎక్కించి రాత్రంతా మంచులో ఉంచితే, ఉచితంగా వచ్చిన అయిదారు డిగ్రీలు గాలికి పోయి, వాటిని పొద్దున్నే కరెంటు పెట్టి తిరిగి కొనుక్కుంటున్నాం.

మోటారును సాయంత్రం కాకుండా స్నానాలకు ముందు వేస్తే తేడా 18 డిగ్రీల నుంచి 13కు తగ్గుతుంది. 50 యూనిట్లు 36 అవుతాయి. 160 యూనిట్ల ఇంటికి సుంకం, సర్దుబాటు కలిపి నెలకు ఇంచుమించు 90 రూపాయలు మిగులు, మోటారు కాల్చే కరెంటులో మార్పేమీ లేదు. అయితే ట్యాంకులో పాత నీళ్ళు సగం ఉంటే కొత్తవి వాటితో కలిసి లాభం సగమవుతుంది. రాత్రికి ట్యాంకు అడుగంటేలా చూసుకుంటేనే ఇది పూర్తిగా పనిచేస్తుంది, పొద్దున కరెంటు పోతే ఇబ్బంది కూడా ఇందులోనే ఉంది. మున్సిపల్ కుళాయి నీళ్ళ ఇళ్ళలో భూమిలోపలి సంపు కూడా మేడ మీది ట్యాంకు కన్నా వెచ్చగానే ఉంటుంది.

గీజరు ఎప్పుడూ వేసి ఉంచాలా, ఆపేయాలా

ఈ వాదన ప్రతి ఇంట్లో ఉంది. ఎప్పుడూ వేసి ఉంచమనేవాళ్ళ మాట: చల్లారిన నీళ్ళను మళ్ళీ మొదటి నుంచి కాచడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది, థర్మోస్టాట్ ఎలాగూ కట్ చేస్తుంది. ఆపేయమనేవాళ్ళ మాట: వాడనప్పుడు వేసి ఉంచడం దండగ.

భౌతికశాస్త్రం రెండోవాళ్ళ పక్షం. గీజరులో ఉన్నది వేడెక్కే కాయిల్ మాత్రమే. మోటారుకు మల్లే స్టార్టింగులో అదనంగా లాగేదేమీ ఉండదు. నీళ్ళు ఎంతసేపు వేడిగా ఉంటే అంతసేపు వేడి బయటికి కారుతూనే ఉంటుంది. ఆ కారే వేడినే గీజరు స్టార్ లేబుల్ మీద ‘స్టాండింగ్ లాస్’ అని, నీటికీ గదికీ 45 డిగ్రీల తేడా ఉన్నప్పుడు రోజుకు ఎన్ని యూనిట్లో ముద్రిస్తారు. ఉదాహరణకు లేబుల్ మీద 0.5 ఉందనుకోండి. మనం 55 డిగ్రీల దగ్గర పెట్టాం, బాత్‌రూము 22 డిగ్రీలు, తేడా 33. నష్టం రోజుకు 0.37 యూనిట్, నెలకు పదకొండు. ఆరు రూపాయల శ్లాబులో సర్దుబాటుతో కలిపి 70 రూపాయలు.

ఇది దండగే, కానీ బిల్లును ముంచేంత దండగ కాదు. ఇంట్లో మంచాన ఉన్న పెద్దవాళ్ళకో పసిపిల్లకో రోజులో ఆరుసార్లు వేణ్ణీళ్ళు కావాలంటే ఆ డెబ్బై రూపాయలు పెట్టడంలో తప్పేమీ లేదు. అయితే పాత ఓనరు వదిలేసిన, వేడిని బయటికి పోనివ్వని లోపలి పొర తడిసిన గీజరుకు లేబుల్ అంకె వర్తించదు. దాని నష్టం తెలియాలంటే ఓ రాత్రంతా నీళ్ళు వాడకుండా వేసి ఉంచి, ఇండికేటరు లైటు మొత్తం ఎన్ని నిమిషాలు వెలిగిందో చూడాలి. రెండు కిలోవాట్ల గీజరులో ముప్పై నిమిషాలు వెలిగితే ఒక యూనిట్ పోయినట్టు.

ఆపేసి వాడుకునేవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది సమయం. పదిహేను లీటర్ల, రెండు కిలోవాట్ల గీజరు 22 నుంచి 55 డిగ్రీలకు చేరడానికి 17 నిమిషాలు చాలు. ఆ పదిహేను లీటర్లలో చన్నీళ్ళు కలిపితే 40 డిగ్రీల నీళ్ళు 27 లీటర్లొస్తాయి, అంటే బకెట్టున్నర లోపు. స్నానాలు ఒకరి వెంట ఒకరు చేస్తే లోపల మిగిలే వేడి తక్కువ. గంటకొకరు చేస్తే ప్రతిసారీ మిగిలిన వేడి చల్లారుతుంది.

రాడ్డు, ఇన్‌స్టంట్, స్టోరేజీ

బకెట్‌లో వేసే రాడ్డు, పారే నీళ్ళను అప్పటికప్పుడు కాచే ఇన్‌స్టంట్ గీజరు, ట్యాంకులో కాచి నిలవ ఉంచే స్టోరేజీ గీజరు: కాచే పనిలో మూడింటి సామర్థ్యమూ దాదాపు ఒకటే. రాడ్డు చవకైంది కాబట్టి కరెంటు ఎక్కువ కాలుస్తుందన్నది అపోహ. 1500 వాట్ల రాడ్డుకు ఆ 0.42 యూనిట్ కాల్చడానికి 17 నిమిషాలు పడుతుంది. మరిచిపోయి ఇంకో పది నిమిషాలు ఉంచితే పావు యూనిట్ వృథా, నీళ్ళు పదకొండు డిగ్రీలు ఎక్కువ కాగుతాయి. రాడ్డులో అసలు ఖర్చు ప్రాణానిది. ఎర్తింగు సరిగా లేని ఇంట్లో, కరెంటు లీకవగానే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ లేని బోర్డులో, స్విచ్ ఆపకుండా నీళ్ళలో వేలు పెట్టి చూడటం వల్ల ఏటా మనుషులు పోతున్నారు. ఇల్లు మారగానే ఎలక్ట్రీషియన్‌తో ముందు చూపించాల్సింది ఎర్తింగే.

మూడు కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు నిమిషానికి 2.4 లీటర్ల నీళ్ళను మాత్రమే 18 డిగ్రీలు పెంచగలదు. బకెట్ నిండటానికి ఎనిమిది నిమిషాలు దాటుతుంది. కుళాయి ఎక్కువ తిప్పితే నీళ్ళు చల్లగా వస్తాయి, అది గీజరు లోపం కాదు. వోల్టేజీ 230 నుంచి 200కు పడితే దాని శక్తి నాలుగో వంతు తగ్గుతుంది. పల్లెల్లో తెల్లవారుజామున నీళ్ళు కాగడం లేదన్న ఫిర్యాదుకు ఇదో కారణం. ఆలస్యమవుతుంది గాని బకెట్‌కు కాలే యూనిట్లు మారవు. లోవోల్టేజీ వల్ల గీజరు బిల్లు పెరగదు.

ఉప్పునీటి బోర్లు, తెల్లగా పట్టే పొర

నరసాపురం, పాలకొల్లు, కోనసీమ తీరప్రాంతాల్లో బోరు నీళ్ళు గట్టివి, చాలాచోట్ల ఉప్పువి. గీజరు కాయిల్ మీద సున్నపు పొర పట్టేస్తుంది. పొర పడితే బిల్లు రెట్టింపవుతుందని సర్వీసు కుర్రాళ్ళు చెప్పే మాట సగమే నిజం. కాయిల్ నీళ్ళలోనే మునిగి ఉంటుంది కాబట్టి దానిలో పుట్టిన వేడికి నీళ్ళలోకి వెళ్ళడం తప్ప వేరే దారి లేదు. పొర వల్ల యూనిట్లు పెద్దగా పెరగవు. కాయిల్ లోలోపల మరీ వేడెక్కి పగిలిపోతుంది, ఖర్చు అక్కడ. గ్యాస్ గీజరులో కథ వేరు. రాగి గొట్టాల లోపల పొర పడితే మంట వేడి నీళ్ళకు అందకుండా పొగతో బయటికి పోతుంది, గ్యాస్ నిజంగానే ఎక్కువ కాలుతుంది.

ఉప్పు తినేది గీజరు ట్యాంకునే. దాన్ని కాపాడటానికి లోపల మెగ్నీషియం రాడ్డు ఉంటుంది. ట్యాంకుకు బదులు అది కరిగిపోతుంది. మంచినీళ్ళ ఊళ్ళో రెండు మూడేళ్ళు వచ్చే ఆ రాడ్డు ఉప్పు బోరు మీద అంతకు చాలా ముందే అయిపోవచ్చు, కాబట్టి ఏడాదికోసారి విప్పించి చూడాలి. పెన్సిల్ మందానికి వస్తే మార్పించాలి. థర్మోస్టాట్ 75 దగ్గర కాక 50–55 దగ్గర ఉంచితే పొర పట్టే వేగం కూడా బాగా తగ్గుతుంది. పాత గీజరుతో ఇల్లు తీసుకున్నవాళ్ళు ప్రెషర్ వాల్వు పనిచేస్తోందో లేదో కూడా చూపించుకోవాలి. అది పట్టేసి, నీళ్ళు మరీ కాగినప్పుడు కరెంటు ఆపే కట్‌ఆఫ్ కూడా చెడితే ట్యాంకు పేలుతుంది.

గ్యాసా, కట్టెలా, సోలారా

14.2 కిలోల సిలిండర్‌లో దాదాపు 180 యూనిట్ల వేడి ఉంది. గ్యాస్ గీజరు అందులో 150 దాకా నీళ్ళకు చేరుస్తుంది, వంట పొయ్యి మీద గిన్నెతో కాస్తే 117 దాకా. సిలిండర్ 900 రూపాయలు అనుకుంటే గీజరులో యూనిట్ వేడి రూ.6, పొయ్యి మీద రూ.7.70. అంటే నెలకు 160 యూనిట్ల ఇంటికి గ్యాస్ గీజరు, కరెంటు గీజరు సమానం. 225 దాటిన ఇంటికి గ్యాస్ చవక, వంద లోపు ఇంటికి కరెంటు చవక. 2024 నవంబరు నుంచి అమలైన దీపం–2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వచ్చే ఇళ్ళు ‘గ్యాస్ ఊరికే వస్తోంది’ అనుకోవచ్చు. కానీ నీళ్ళకు కాల్చిన ప్రతి సిలిండర్‌కూ వంటకు ఇంకోటి కొనాలి కాబట్టి ఊరికే కాదు. పైపు గ్యాస్ ఉన్నవాళ్ళు ఒక ఘనపు మీటరుకు పది యూనిట్ల వేడి అని లెక్కవేసుకోవచ్చు. గ్యాస్ గీజరును తలుపు మూసిన బాత్‌రూములో బిగించకూడదు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిమిషాల్లో మనిషిని పడగొడుతుంది.

కోనసీమలో కొబ్బరి డొక్కలు, కమ్మలతో కాగు కింద మంట పెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. బయటి పొయ్యిలో వేడి ఎనిమిదో వంతే నీళ్ళకు అందుతుంది గనుక నలుగురి స్నానాలకు రోజుకు మూడు కిలోలు కావాలి. సొంత తోట ఉంటే సరే. పీచు మిల్లులు డొక్కలు కొంటున్న ఊళ్ళో వాటికీ ఓ ధర ఉంది. భోగి రోజు మాత్రం ఈ లెక్కలేవీ పనికిరావు.

సోలార్ హీటరు మీద మన అభిప్రాయం కొంచెం మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. డిసెంబరు, జనవరిల్లో ఎండకు లోటు లేదు, నీళ్ళూ బాగా కాగుతాయి. కానీ డెల్టాలో వేణ్ణీళ్ళు కావలసింది మూడు నెలలే. నెలకు 300 చొప్పున ఏడాదికి 900 మిగిలితే, ఇరవై వేల హీటరు ఖరీదు తీరడానికి ఇరవై ఏళ్ళు దాటుతుంది. ఇంటికప్పు మీద పెట్టుబడి పెట్టదలిస్తే వేసవి ఏసీకి కూడా పనికొచ్చే సోలార్ కరెంటు పలకలు నయం. ఒక కిలోవాట్ రోజుకు దాదాపు నాలుగు యూనిట్లిస్తుంది, 2024లో మొదలైన పీఎం సూర్యఘర్‌లో మూడు కిలోవాట్లకు 78,000 సబ్సిడీ ఉంది.

సబ్‌మీటరు తగాదా

కింద ఓనరు 150 యూనిట్లు, పైన అద్దెవాళ్ళు 120, ఇద్దరికీ ఒకే సర్వీసు (కనెక్షన్), పైవాళ్ళ వాడకాన్ని విడిగా చూపేది లోపలి సబ్‌మీటరు. మొత్తం 270 యూనిట్లకు శ్లాబు ఛార్జీ రూ.1,410.75. ఇద్దరికీ విడి సర్వీసులుంటే ఓనరుకు రూ.567, అద్దెవాళ్ళకు రూ.394.50, కలిపి రూ.961.50. ఒకే మీటరు కావడం వల్లనే నెలకు 449 రూపాయలు అదనం. ఎందుకంటే చవక శ్లాబులు ఒక్కసారే దొరుకుతాయి.

ఈ అదనం ఎవరు భరించాలి? ‘మీరొచ్చాకే పెరిగింది’ అని ఓనరు యూనిట్‌కు 8 రూపాయలు లెక్కకడితే అద్దెవాళ్ళు 960 ఇవ్వాలి. ‘మాకు వేరే మీటరుంటే ఇంతే’ అని అద్దెవాళ్ళు 394 మాత్రమే ఇస్తామంటే నష్టమంతా ఓనరుది. సగటున యూనిట్‌కు రూ.5.22 చొప్పున పంచితే 627. ఓనరు చెప్పే పెరుగుదల కూడా నిజమే: 150 నుంచి 270కి వెళ్ళడం వల్ల బిల్లు రూ.843.75 పెరిగింది. అయినా 960 దాని కన్నా ఎక్కువే. ఫ్లాట్ రేటు మీద బేరం ఆడేటప్పుడు ఈ అంకె చేతిలో ఉంటే మంచిది. విడి వంటగది, విడి దారి ఉన్న పోర్షన్‌కు వేరే సర్వీసు తీసుకోవడమే దీర్ఘకాలంలో ఇద్దరికీ లాభం.

మీరు కాల్చని కరెంటుకు బిల్లు

మీటరు మనిషికి కాక సర్వీసు నంబరుకు కట్టుబడి ఉంటుంది. 2022–23లో వాడిన కరెంటుకు ఇంధన సర్దుబాటుగా రూ.6,072 కోట్లను డిస్కంలు 2024 డిసెంబరు నుంచి నెలనెలా వసూలు చేశాయి. ఆ నంబరు మీద అప్పట్లో కాలిన యూనిట్లే దానికి ఆధారం. ముందున్నవాళ్ళు రెండు ఏసీలు నడిపి ఉంటే ఆ బాకీ ఇప్పుడున్నవాళ్ళ బిల్లులో పడింది. ఓనరు ‘బిల్లు ఎవరింట్లో వస్తే వాళ్ళే కట్టాలి’ అంటాడు, అద్దెకున్నవాళ్ళు ‘మేం అప్పుడు లేం’ అంటారు. డిస్కంకు మాత్రం ఎవరు కట్టినా ఒకటే. ఏసీడీ పేరుతో వచ్చే అదనపు డిపాజిట్ నోటీసు కూడా గత వాడకం సగటు మీదే లెక్కిస్తారు. అది సర్వీసు మీద నిలవ ఉండే డిపాజిట్ కనుక ఓనరు ఖాతాలోది.

ఇల్లు కొన్నవాళ్ళకు ఇంకో చిక్కు. పాత యజమాని బకాయి తీర్చాకే కనెక్షన్ ఇస్తామనే షరతును నిబంధనలు అనుమతిస్తే డిస్కం పెట్టవచ్చని 2023 మే 19న సుప్రీంకోర్టు కేరళ విద్యుత్ బోర్డు కేసులో తేల్చింది. రిజిస్ట్రేషన్‌కు ముందే సర్వీసు నంబరు తీసుకుని, డిస్కం యాప్‌లోనో సెక్షన్ ఆఫీసులోనో బాకీల వివరం అడిగి, గత పన్నెండు నెలల యూనిట్లు రాసుకుంటే రెండు పనులవుతాయి. పాత బకాయి ఉంటే అమ్మినవాళ్ళతోనే కట్టించవచ్చు. ముందున్న కుటుంబం డిసెంబరు, జనవరిల్లో ఎన్ని యూనిట్లు కాల్చిందో పక్కన పెట్టుకుంటే, మీ వాడకం దానికన్నా ఎంత ఎక్కువో, అందులో గీజరు పాలెంతో మీ మొదటి బిల్లు రోజునే తెలిసిపోతుంది.